నడుమెత్తు బల్లలు

గోదావరిఖని
మే 1966

బామ్మర్ది ఎల్లేశానికి,

నువ్వు డోర్నకల్ తిరిగి చేరావని మీ అక్కకు ఊరివాళ్లెవరో చెప్పారు గానీ నువ్వు చెప్పలేదు. రైల్వేలో పాయింట్స్‌మన్ అయినవాడికి ఒక కార్డు ముక్క రాయాలన్నా సిగ్నల్ పడాలి కాబోలు. మేము బాగున్నాం. ఈ ఎండలకు రేకుల వంటింట్లో మీ అక్క ఐలవ్వ ఉడికిపోతోంది. ఆ ఉడుకంతా తెచ్చి నా మీద దించుతోంది.

నువ్విక్కడ ఉన్నప్పుడు మనం అనుకున్నదంతా కాగితం మీద పెడుతున్నాను, రేపు నేనట్లా అనలేదని తప్పించుకోకుండా. హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో అద్దాల పెట్టెలో చూసిన బొమ్మ రైలు లాంటిది మనమూ చేయాలి. అదంతా నా రెండు గదుల క్వార్టరులో పట్టదు, నీ రైల్వే క్వార్టరులో అసలే పట్టదు. అందుకని సగం నువ్వు, సగం నేను, బల్లలు బల్లలుగా. నా బల్లల మీద బొగ్గు బాయి, వ్యాగన్లు నింపే దాని సైడింగు లైను. నీ బల్లల మీద జంక్షను. అన్నీ కలిపిన రోజు నా బాయి బొగ్గు నీ జంక్షనులో దిగాలి.

కలవాలంటే కొలత ఒక్కటే ఉండాలి. బల్ల వెడల్పు రెండడుగులు. పట్టాలు బల్ల అంచుకు సరిగ్గా నడిమధ్యన వచ్చి ఆగాలి. పట్టాకూ పట్టాకూ మధ్య దూరం కోసం వర్క్‌షాపు టర్నరు అబ్దుల్ రజాక్ ఇత్తడి ముక్కలు రెండు కోసి ఇచ్చాడు, కవల పిల్లల్లాగా ఉన్నాయి. ఒకటి దీంతో పంపుతున్నాను. పట్టాల నడుమ అది బిర్రుగా కూర్చుంటే సరే, వదులైతే బండి పడుతుంది. ఇక ఎత్తు సంగతి నువ్వే తేల్చావు. నేను నిలబడితే నా ల్యాంపు బెల్టు ఎక్కడికి వస్తుందో అంత ఎత్తు. నేల నుంచి నా నడుము దాకా దారం పట్టి, ముడి వేసి, జేబులో పెట్టుకుపోయావు. ఆ ముడి విప్పకు.

ఆఖరి షరతు. ఎవరు ఆలస్యంగా ముగిస్తే వాళ్లు తమ బల్లలు మోసుకుని రెండోవాళ్ల ఇంటికి పోవాలి. నీ కోసం రామగుండం స్టేషనుకు ఎడ్లబండి ఇప్పటినుంచే మాట్లాడి పెట్టాలనిపిస్తోంది.

నీ బావ
రాయమల్లు

డోర్నకల్
జులై 1966

బావకు దండాలు,

సిగ్నల్ పడింది, రాస్తున్నాను.

మొదటి బల్ల అయింది. అయిన మర్నాడే మా ఇంటిది, మీ చెల్లెలు పోశవ్వ దాని మీద వడియాలు పెట్టింది. ఇదేమిటంటే, మీ జంక్షనులో ప్యాసింజర్లు దిగారు, ఎండనీయండి అంటోంది. డ్యూటీ నుంచి వచ్చి చూస్తే ప్లాట్‌ఫారం నిండా వడియాలే.

పట్టాలకు ఇనుప పట్టీలు దొరికాయి, పెద్ద పెట్టెల చుట్టూ బిగించి వస్తాయే, అవి. నిలువుగా పెట్టి చెక్కముక్కల గాట్లలో దిగ్గొట్టాను. రజాక్ అన్న ఇత్తడి ముక్క ఇత్తడి ముక్క కాదు బావా, పోలీసు. ఎక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా లోపలికి దిగనంటుంది. సికింద్రాబాదు పోయినప్పుడు తాళంచెవితో తిప్పే రేకు ఇంజను ఒకటి కొన్నాను. చెవి తిప్పి నేల మీద వదిలితే బియ్యం డబ్బా కిందికి దూరి అక్కడే గిరగిరమంటూ ఉండిపోయింది. దాన్ని బయటికి లాగడానికి ఇద్దరం పొట్ట మీద పడుకున్నాం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నేను నీళ్ల సీసాను పడుకోబెట్టి, బుడగ మధ్యన నిలిచేదాకా బల్లను మట్టం చేస్తున్నాను. మీ బాయి వాళ్లకు వాలంటే ప్రాణం. పట్టా వేస్తే చాలు కిందికి దించుతారు. స్టేషనులో అది కుదరదు. వాలుంటే నిలబెట్టిన వ్యాగను దానంతట అది పోతుంది, దాని వెనకే మా ఉద్యోగం పోతుంది. నీ బల్లలు కూడా మట్టంగానే ఉండాలి.

అక్కకు చెప్పు, నేను చిక్కలేదని.

ఎల్లేశం

గోదావరిఖని
సెప్టెంబరు 1966

బామ్మర్దీ,

మట్టం గురించి నీ ఉపన్యాసం అందింది. రజాక్‌కు చదివి వినిపిస్తే, రైలోళ్లకు ఇంజను ఉంది కాబట్టి మాట్లాడతారు అన్నాడు. మాకు బాయిలో ఇంజను ఎక్కడిది? తాడు, వాలు, ఈ రెండే. బొగ్గు నింపిన లోడు టబ్బు పట్టాల మీద తన బరువుతో తానే దిగాలి, ఖాళీ టబ్బును తాడుతో పైకి గుంజాలి. ఇన్నేళ్లుగా ఆ టబ్బులను తాడుకు తగిలించడమే నా పని కదా, మట్టంగా ఉన్న పట్టాను చూస్తే నాకు ఒళ్లు బద్ధకంగా ఉంటుంది. అయినా నీ కోసం మట్టంగానే వేశాను. చివర ఒక్కచోట కొంచెం దించాను. నీ సీసాకు చెప్పకు.

బాయి మూతి దగ్గర చక్రాల మంచె లేచింది. టీ డబ్బా రేకుతో బొగ్గు పోసే గంప చేశాను. కింద చిన్న తలుపు, గుండుసూదితో తెరిస్తే వ్యాగనులోకి బొగ్గు జారుతుంది. బొగ్గు ఉత్తుత్తిది కాదు, నిజం బొగ్గే, మీ అక్క పొయ్యిలోది. రోట్లో దంచి జల్లెడ పట్టాను. ఆ జల్లెడ పిండి జల్లెడ అని తర్వాత తెలిసింది. రెండు రోజులు నాకు రొట్టె లేదు.

ఇంకొక్క బల్ల మిగిలింది. సైడింగులో చివరి మలుపు వేస్తే నా పని అయిపోయినట్టే. నీ పాయింట్ల పని నత్తనడక అని పోశవ్వ అన్నదట. భుజాలకు నూనె రాసుకో, మోయాల్సింది నువ్వే.

నీ బావ

డోర్నకల్
నవంబరు 1966

బావకు,

దసరా పోయింది, దీపావళి పోయింది, నీ నుంచి జాబు లేదు. రెండు కార్డులు రాశాను. అందాయో లేదో కూడా తెలియదు. అక్కకు ఒంట్లో బాగుందా?

నా బల్లలు దీపావళికే అయిపోయాయి. పాయింటు పుల్ల లాగితే బండి ఏ లైను మీదికి పొమ్మంటే ఆ లైను మీదికి పోతోంది. ఒక సాయంత్రం మా స్టేషను మాస్టరు వచ్చి చూసి, అసలు జంక్షను కన్నా ఇదే నయం, ఇక్కడ ఎవరూ ఫిర్యాదు చేయరు అని పోయారు.

నీ ఒక్క బల్ల ఏమైంది? ఆరంభశూరత్వమని నేనంటే నీకు కోపం. కాబట్టి అనను. ఒక్క గీత రాయి.

ఎల్లేశం

గోదావరిఖని
డిసెంబరు 1966

ఎల్లేశానికి,

అందరం బాగున్నాం. పని ఎక్కువై రాయలేదు.

ఒక సంగతి. మనం పెట్టుకున్న ఎత్తు ఎక్కువ. గంటలకొద్దీ నిలబడి ఆడటం నాకు విసుగు. కుర్చీ మీద కూర్చుని చేతికందే ఎత్తు చాలు. నీ బల్లల కాళ్లు కోసెయ్యి. నావి నేను కోసుకుంటాను.

ఇప్పట్లో నువ్వు ఇటు రావద్దు. ఇంటికి సున్నాలు వేస్తున్నారు.

రాయమల్లు

డోర్నకల్
డిసెంబరు 1966

బావకు దండాలు,

ఎన్నాళ్లకు రాశావు, రాసి ఇదా? అంతా అయిపోయినంక కాళ్లు కోయాలా? ఎత్తు పెట్టింది నేనే కావచ్చు, కానీ ఆ నడుము నీది. దారం ముడి ఇంకా నా పెట్టెలో ఉంది. ఆ దారం పట్టే ఒక్కొక్క కాలు కొలిచి, చెక్కి, కింద తోలు ముక్కలు వేసి బల్లలు నిలబెట్టాను. షరతంటే షరతే. ఒకరికి విసుగొచ్చినప్పుడల్లా కొలత మారిస్తే ఇక కొలత ఎందుకు?

అయినా కూర్చుని రైలు నడిపేదేంది బావా? స్టేషనులో ఎవడైనా కూర్చుని జెండా ఊపుతాడా? పొద్దంతా బాయిలో నిలబడే మనిషివి, నీకేమైంది, కాళ్లు అరిగిపోయాయా?

నేను కోయను. నీవి కోశావంటే మళ్లీ అతికించుకో.

ఎల్లేశం

గోదావరిఖని
జనవరి 1967

తమ్ముడు ఎల్లేశానికి అక్క ఐలవ్వ చెప్పి రాయిస్తున్నది. రాసేది రజాక్ అన్న బిడ్డ నుస్రత్. చెప్పింది చెప్పినట్టు రాయమన్న, బాగుచెయ్యొద్దన్న.

తమ్మీ, నీ ఉత్తరం మీ బావ సదివిండు. మడతపెట్టి దిండు కింద పెట్టుకున్నడు. మల్ల తీసి సదివిండు. ఏం రాసిండని అడిగితే, కాళ్లు అరిగిపోయినయా అని అడుగుతుండు నీ తమ్ముడు అని నవ్విండు. గా నవ్వు నేను సూడలేకపోయిన. నీకు సెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన, ఇను.

మీ బావకు ఎడమ కాలు లేదు. దసరాకు ముందుగల్ల బాయిల టబ్బులు తగిలిచ్చెటప్పుడు జారి పడ్డడు. టబ్బు కాలు మీదికెల్లి పోయింది. దవాఖానల మోకాలు కింద తీసేసిండ్రు. పానం దక్కింది, గదే సాలనుకున్న. కని మనిషి దక్కలేదు తమ్మీ. గడప దాటుతలేడు. దోస్తులు వస్తే గోడ దిక్కు తిరిగి నిద్రపోయినట్టు పంటడు. బల్లలను గోడకు జరిపి మీద దుప్పటి కప్పిండు.

ఇంజినీరు సాబ్ ఇంటికొచ్చిండు. పైన ల్యాంపు రూముల పని ఇస్తమన్నడు. బాయిల దిగేటోళ్లకు కిటికీలకెల్లి లైట్లు అందిచ్చుడు. ఆనకాలం షురువయ్యేదాక ఆ పని మీ బావకే ఉంచుతనన్నడు. ఈయన వద్దన్నడు. షిఫ్టుకు పొయ్యే ప్రతోడు కిటికీల నా మొఖం సూసి అయ్యో అనాల్నా అంటడు. పని పోతే పోయింది, గట్లనే గోడను సూసుకుంట కూసుంటే మనిషి ఏమైతడని నా ఫికరు.

నువ్వు ఉరికి రాకు. వస్తే తలుపుకు గొళ్లెం పెట్టుకుంటడు, నాకు తెలుసు. గా బల్లల కాళ్లు కొయ్యి తమ్మీ. కూసోనన్న ఆడుకుంటడు.

ఎల్లేశం కాకా, అవ్వ చెప్పింది చెప్పినట్టే రాశాను. మధ్యలో ఏడ్చింది, అది మాత్రం రాయలేదు. నుస్రత్.

డోర్నకల్
జనవరి 1967

బావా,

అక్క చెప్పింది. అక్కను ఏమీ అనకు.

నేను రాసిన ఆ ముక్క నీ దిండు కింద ఉందట. దాన్ని తీసి పొయ్యిలో పెట్టు. అంతకంటే ఏం రాయాలో నాకు చేతకావడం లేదు.

నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు, మనం అప్పుడున్న ఇల్లందు నుంచి ఇక్కడిదాకా నా పెట్టె మోసుకుని వచ్చింది నువ్వు. ఈ పెద్ద స్టేషను చూసి బెదిరి, నేను నీతోపాటే తిరిగి వస్తానని బండి తలుపు పట్టుకున్నాను. "బండెక్కినోడు దిగాలె, దిగినోడు నడవాలె" అని నా చెయ్యి విడిపించావు. బండి కదిలినంక నువ్వు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఉత్తరం అందిన రోజే సంచి సర్దుకుని ప్లాట్‌ఫారం దాకా వచ్చాను. కాజీపేట బండి వచ్చింది, పోయింది. ఎక్కలేదు. ఎందుకంటే రావాల్సింది నేను కాదు. నా బల్లలు దీపావళికే అయ్యాయి, నీవి కాలేదు. ఓడిపోయింది నువ్వు. షరతు ప్రకారం నువ్వే బల్లలు తీసుకుని డోర్నకల్ రావాలి. రామగుండంలో రజాక్ అన్న ఎక్కిస్తాడు, బ్రేకువ్యానులో చోటుకు గార్డుతో నేను మాట్లాడతాను. నువ్వు ఎక్కాలి, దిగాలి. మిగతాది నేను చూసుకుంటాను.

కాళ్లు కోసే సంగతి నువ్వు వచ్చినంక తేల్చుకుందాం.

ఎల్లేశం

డోర్నకల్
జనవరి 1967

అక్కకు,

ఇది రజాక్ అన్న ఇంటికి పంపుతున్నాను. నుస్రత్ చదివి వినిపిస్తుంది.

బల్లల కాళ్లు కోసేశాను. ఇప్పుడు అవి మంచమంత ఎత్తున్నాయి, కూర్చుంటే చేతికి అందుతాయి. రంపం ఆడుతున్నంతసేపు పోశవ్వ గుమ్మంలో నిలబడి కొంగుతో మూతి నొక్కుకుంది. బావకు మాత్రం చెప్పకు. జాలిపడి కోశాడని తెలిస్తే ఆయన రాడు. నేనింకా మొండికేస్తున్నాననే అనుకోనీ. నా మీద కోపంతోనన్నా లేస్తాడు.

నీ తమ్ముడు

గోదావరిఖని
ఫిబ్రవరి 1967

ఎల్లేశానికి,

షరతు ఇద్దరు మనుషుల మధ్య పెట్టుకున్నది. ఇప్పుడున్నది ఒకటిన్నర. కాబట్టి అది చెల్లదు.

నన్ను మీ ప్లాట్‌ఫారం మీద దింపి నీ తోటివాళ్లందరికీ చూపిస్తావా? మా బావ, ఒకప్పుడు బాగా నడిచేవాడు అని చెప్తావా? నీకు పెట్టె మోసినందుకు ఇది కూలి అన్నమాట. ఇక్కడ ఎవరికీ మొఖం చూపించలేకనే తలుపు వేసుకున్నాను, ముక్కూ మొఖం తెలియని ఊరికి రమ్మంటున్నావు.

నీ బల్లలు నీ దగ్గర, నా బల్లలు నా దగ్గర. పోశవ్వను వడియాలు పెట్టుకోమను.

రాయమల్లు

డోర్నకల్
మార్చి 1967

బావకు,

వడియాలు పెట్టనివ్వను.

నా పట్టాలు బల్ల అంచు దాకా వచ్చి ఆగి ఉన్నాయి. అక్కడొక ఖాళీ వ్యాగను నిలబెట్టి, ముందు ఎర్ర గుడ్డ కట్టిన పుల్ల పెట్టాను. అవతల పట్టా వచ్చి కలిస్తే ఆ పుల్ల తీస్తాను. రాకపోతే తీయను. షరతుకు గడువు పెట్టుకోలేదు కాబట్టి నాకు తొందర లేదు.

చెల్లదన్నావు. దారం పట్టి ఎత్తు కొలిచినప్పుడు నేను నీ నడుమునే కొలిచాను, కాలును కొలవలేదు. నడుము ఉంది కదా. చెల్లుతుంది.

రోజూ కాజీపేట వైపు నుంచి ప్యాసింజరు వచ్చినప్పుడు పెట్టెలన్నీ చూస్తాను. నువ్వు దిగుతావని కాదు, డ్యూటీ కాబట్టి. ఈ మాటలో సగం అబద్ధం.

ఎల్లేశం

గోదావరిఖని
మే 1967

ఎల్లేశానికి,

మిగిలిన ఆ ఒక్క బల్ల అయింది. శుక్రవారం ప్యాసింజరుకు వస్తున్నాను. గార్డుతో మాట్లాడి పెట్టు. ఐలవ్వ వస్తానంటే వద్దన్నాను, రజాక్ వస్తానంటే రామగుండం దాకా చాలన్నాను.

స్టేషనులో కుర్చీలు గిర్చీలు వేయించి తమాషా చేయకు. ఎవరినీ పోగెయ్యకు. నీతో పోట్లాడటానికే వస్తున్నాను.

నీ బావ

డోర్నకల్
మే 1967

అక్కా,

బావ చేరాడు. నుస్రత్ తల్లీ, ఈ మాట అక్కకు రెండుసార్లు చదువు.

నేను కుర్చీ వేయించలేదు గానీ, పోర్టర్లు ఇద్దరిని స్తంభాల చాటున నిలబెట్టాను, పడితే పట్టుకుంటారని. బండి ఆగింది. తలుపు దగ్గర బావ కనబడ్డాడు. ముందు చేతికర్ర దిగింది, తర్వాత ఒక కాలు దిగింది, దాని తర్వాత ఇంకో కాలు దిగింది. నేను జెండా పట్టుకుని అట్లనే ఉండిపోయాను. ఆ రెండోది కట్టెకాలని అర్థమయ్యేటప్పటికి ఆయన నా ముందుకు వచ్చి, స్తంభాల వెనక ఉన్నవాళ్లను బయటికి రమ్మన్నాడు. రజాక్ అన్న కట్టెకాలు చేశాడని నువ్వు ఒక్క ముక్క రాయించలేదు. ప్లాట్‌ఫారం మీద జనం చూశారు, చూస్తారు కదా. బావ కూడా వాళ్లను చూశాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. టీ తాగి ఇంటికి వచ్చాం.

బ్రేకువ్యాను నుంచి బల్లలు ట్రాలీ మీద తెచ్చి ముందు గదిలో పెట్టించాను. బావ ఎవరినీ ముట్టనివ్వకుండా తానే వాటికి కాళ్లు బిగించాడు. ఆయన చివరి మర తిప్పుతుండగా నేను నా బల్లల మీది దుప్పటి తీశాను. ఇక చూడు అక్కా. నావి మంచమెత్తు. బావవి నడుమెత్తు. ఆయన బొగ్గు బాయి అక్కడెక్కడో పైన ఉంది, నా జంక్షను కింద ఉంది. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. ముందు పోశవ్వ నవ్వింది.

"నువ్వు కొయ్యవనుకున్న" అన్నాడు బావ.

నువ్వు కోసి ఉంటావనుకున్నానని నేనన్నాను. అప్పుడు బయటపడింది నీ సంగతి. బావకు చెప్పకని నేను నీకు రాశానా, తాను కోయలేదని ఎల్లేశానికి చెప్పకని ఆయన నీతో అన్నాడట. మొదట ఒట్టు గట్టు మీద పెట్టిన మనిషివి, ఈసారి ఇద్దరి మాటా నిలబెట్టావు. బల్లలు ఎక్కించేటప్పుడైనా నీకు నవ్వు రాలేదా అక్కా?

ఎందుకు కోయలేదని అడిగాను. నీకు తెలిసే ఉంటుంది గానీ నాకు చెప్పినట్టు నీకు చెప్పి ఉండడు. రజాక్ అన్న రెండో కాలు చూసి కొలత తీసుకుని కట్టెకాలు చేశాడట. తొడుక్కుని నిలబడితే లోపల మెత్తటి గుడ్డలో మోకాలు దిగబడి మనిషి ఒక పక్కకు ఒరిగాడట. ఎంత పెంచాలో రజాక్ అన్నకు తెలియదు, బావకు తెలియదు. అప్పుడు బావ దుప్పటి లాగేసి, ల్యాంపు బెల్టు పెట్టుకుని బల్ల అంచుకు ఆనుకుని నిలబడ్డాడట. కుడి పక్క బెల్టు అంచుకు సరిగ్గా వచ్చింది, ఎడమ పక్క కిందికి జారింది. కట్టెకాలు అడుగున తోలు ముక్క వేసి మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ ఒకటి వేశారు. బెల్టు బల్ల అంచు వెంబడి సమంగా వచ్చేదాకా అట్లనే చేశారట. తర్వాత రోజూ పొద్దున లేచి ఆ అంచు దగ్గర నిలబడటం, చేతులు వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం. ఆ ఆఖరి బల్ల పట్టాలు నిలబడే వేశాడట.

"గా కాళ్లు కోసేస్తే నేను ఎంత ఎత్తు మనిషినో నాకే తెల్వకుండ పోతుండె" అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి మొఖం కడుక్కుని వచ్చాను. నీకు చెప్పడానికి సిగ్గేముంది, ఏడ్చాను.

బయటికి వచ్చి, ఇటుకలు తెచ్చి నా బల్లల కింద పెడతాను, గంటలో ఎత్తు సరిపోతుందని అన్నాను. బావ వద్దన్నాడు. ఆ రెండు ఎత్తుల మధ్య ఉన్న తేడాను చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, ఇల్లందులో పాత టబ్బును బాగుచేసే ముందు అట్లనే చూసేవాడు. తన బల్లల్లో ఒకదానికి కాళ్లు విప్పేసి, ఒక అంచు తన బాయి బల్లకు, ఇంకో అంచు నా జంక్షను బల్లకు ఆన్చి, మధ్యలో వాలుగా వేశాడు. పోశవ్వ దారపు రీలు అడిగి తీసుకుని పైన మేకుకు తగిలించాడు. రజాక్ అన్న ఇత్తడి ముక్క పైన అతుకు దగ్గర పెట్టి చూశాడు, బిర్రుగా కూర్చుంది. కింద పెట్టి చూశాడు, అక్కడా బిర్రుగానే కూర్చుంది. వేరువేరు ఊళ్లలో వేసిన పట్టాలు అక్కా, వెంట్రుకవాసి తేడా లేదు. ఎర్ర గుడ్డ పుల్ల నేను తీసేశాను.

మొదట దారం కట్టకుండా వదిలి చూద్దామన్నాను. నా వ్యాగను ఎగిరి పోశవ్వ బియ్యం డబ్బాకు కొట్టుకుని ఆగింది. తర్వాత దారం కట్టాం. టీ డబ్బా గంపలోంచి నీ పొయ్యి బొగ్గు వ్యాగనులో పోసి, రీలు కొంచెం కొంచెం వదిలితే అది వాలు మీదుగా మెల్లగా దిగి నా జంక్షనులోకి వచ్చింది. నేను కూర్చుని అందుకుని, ఇంజనుకు తగిలించి, బొగ్గు దించి, ఖాళీ వ్యాగను వాలు దగ్గర పెట్టాను. దాన్ని చేత్తో పైకి తోయబోతే బావ ఆపాడు.

"లోడు దిగాలె, ఖాళీ ఎక్కాలె. నువ్వు కిందికెల్లి గంట కొట్టు. గుంజెటోడు పైన నిలబడే ఉన్నడు."

పోశవ్వ దేవుడి గంట తెచ్చి ఇచ్చింది. నేను కొట్టాను. బావ రీలు తిప్పాడు, ఖాళీ వ్యాగను పైకి పోయింది. పొద్దుగూకే దాకా ఇదే పని. నేను కింద కూర్చుని, ఆయన పైన నిలబడి. మధ్యలో కుర్చీ జరిపితే వద్దన్నాడు. నీళ్ల సీసా పెట్టి అంత మట్టం చేసిన నా జంక్షనుకు చివరికి బాయి వాళ్ల వాలే దిక్కయింది. ఆ మాట ఆయన ఇప్పటికి పదిసార్లు అన్నాడు, అననీ.

కింద చోటు వదిలాను. బావ తన చేత్తో రాస్తానన్నాడు.

ఎల్లేశం

ఐలవ్వకు,

నీ తమ్ముడు అన్నీ రాశాడు, కొంచెం ఎక్కువే రాశాడు. ఆదివారం బండికి వస్తున్నాను. బల్లలు ఇక్కడే ఉంటాయి, ఖాళీలు గుంజడానికి నేనే మళ్లీ మళ్లీ వస్తాను.

రజాక్‌కు ఒక పని చెప్పు. ల్యాంపు రూములో లైట్లు అందించే కిటికీ ఉంది కదా, దాని బల్ల నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి పెట్టమను. నా బెల్టుకు సరిపోతే సరే. సరిపోకపోతే ఆ బల్లనే సరిచేయించమని ఇంజినీరు సాబుకు చెప్పుకుంటాను. నా కాలు మాత్రం ఇక తగ్గించేదీ లేదు, పెంచేదీ లేదు.

రాయమల్లు